మంగళము పాడని ఆటలు

అలసటకు మన భాషలో మాటలు చాలనే ఉన్నవి. దుక్కి దున్ని వచ్చినవాని ఒడలు అలయును. ఒక రాత్రి నిద్రించి లేచినచో ఆ అలసట తీరును. మిఠాయి మితిమీరి తిన్నవానికి మొగము మొత్తును. అది నిద్రతో తీరదు, ఆ పదార్థమును కొన్నాళ్ళు కంటికి దూరముగా ఉంచినగాని పోదు. ఇష్టము లేని పనిని పొద్దస్తమానము ఇతరుల కొరకు చేసినవానికి కలుగునది మరియొకటి. దానిని చాకిరి చేసిన విసుగు అందుము. ఈ మూడింటికి మందు ఒక్కటి కాదు. నేటి విద్యార్థి వీడియో గేములను గూర్చి “బోరు కొడుతోంది సార్, అయినా ఆడుతూనే ఉన్నాను” అన్నపుడు ఈ మూడింటిలో దేనిని గూర్చి చెప్పుచున్నాడో వానికే తెలియదు. వినుచున్న ఉపాధ్యాయునకు అసలే తెలియదు.

ఆట అనునది విశ్రాంతి అని లోకము నమ్మిక. విశ్రాంతి కొరకు పోయిన చోటనే విసుగు పుట్టుచున్నదనగా ఆ చోటులో ఏదో మారినదన్న మాట. హరికథకైనను, వీధిభాగవతమునకైనను, తోలుబొమ్మలాటకైనను చివర మంగళము పాడుట మన మర్యాద. తెల్లవారునప్పటికి ఆడువారు మంగళము పాడి, తెర దింపి, పెట్టె కట్టుదురు. చూచినవారు చాపలు చుట్టుకొని ఇండ్లకు పోవుదురు. ఆ కథ మరునాడు పొలము గట్టున, నూతి దగ్గర మాటలలో మెదలుచుండును. ఇప్పుడు మన పిల్లల చేతులలోనున్న పెద్ద ఆటలలో పెక్కింటికి మంగళము లేదు. లేకపోవుట పొరపాటు కాదు. ఆ వ్యాపారమంతయు మంగళము లేకపోవుటపైననే నిలిచియున్నది. మొగము మొత్తుటకును, చాకిరి విసుగునకును మూలము అక్కడనే ఉన్నదని నా అభిప్రాయము.

పెద్దలము మనము ఈ విషయమును రెండు మాటలతో సరిపుచ్చుచున్నాము: ఒకటి జూదము, రెండవది వ్యసనము. రెండును నిజమైన ఆపదలే. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను రమ్మీ వంటివానిని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు చట్టమునే చేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో గేమింగు రుగ్మత అనునది చేరినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట, ఈ స్థితి సాధారణముగా ఏడాదిపాటు సాగుట దాని లక్షణములు. అట్టివానికి వైద్యుడు కావలెను, వ్యాసము చాలదు. కాని మన తరగతిలోని నలుబదిమందిలో జూదరి లేకపోవచ్చును, రోగియు లేకపోవచ్చును. పాఠము చదువుకొని, అన్నము తిని, రాత్రి ఒక గంట ఆడి, ఆ గంట చివర మనసు ఉప్పులేని కూరవలె చప్పబడి లేచు బాలుడు మాత్రము తప్పక ఉన్నాడు. వానిని గూర్చి ఎవ్వరును మాటాడరు. నేను వ్రాయుచున్నది వాని కొరకు.

ఆ బాలుని ప్రక్కన ఒక్క సాయంకాలము కూర్చుండి చూచినచో చిత్రమైన విషయములు కనబడును. ఆట తెరవగానే మొదట వచ్చునది ఆట కాదు, హాజరుపట్టీ. ఈ దినము వచ్చినందుకు ఇన్ని నాణెములు. ఏడు దినములు వరుసగా వచ్చినచో ఒక పెట్టె. ఒక్క దినము తప్పినచో వరుస తెగి మరల మొదటికి వచ్చును. దాని తరువాత నేటి పనుల జాబితా: ముగ్గురిని ఓడింపుము, ఐదు వస్తువులు ఏరుము, ఒక మిత్రుని పిలుచుకొని రమ్ము. దానిపైన సీజను పాసు అను పెద్ద జాబితా. కొన్ని వారములలో ఇన్ని మెట్లు ఎక్కినవానికి ఒక వింత చొక్కా. గడువు దాటినచో అది మరల దొరకదు. ఇవన్నియు అయిన పిమ్మట కాలము మిగిలినచో అప్పుడు ఆట. బడిలో మన హాజరును తప్పించుకొనుటకు కడుపునొప్పి నటించు పిల్లవాడు ఈ హాజరును జ్వరములో కూడ తప్పడు. (మన విద్యాశాఖవారు ఈ కిటుకు నేర్చుకొందురేమో అని నాకు లోలోపల భయము.)

ఉచితముగా పంచిన ఆటకు ఆదాయము, ఆడువాడు రేపు మరల వచ్చుటపైనను, వచ్చినవారిలో కొందరైనను ఏదో ఒకటి కొనుటపైనను ఆధారపడియుండును. బహుమతి ఎప్పుడు వచ్చునో తెలియనపుడు ప్రాణి విడువక ప్రయత్నించుచునే యుండునని స్కిన్నర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు పావురములతో ఏనాడో చూపినాడు. లోపల ఏమున్నదో చెప్పక అదృష్టపు పెట్టెలను డబ్బునకు అమ్ముటను బెల్జియము ప్రభుత్వము 2018లో జూదము క్రిందనే జమకట్టినది. వెల పెట్టి కొను పెద్ద ఆటలలో కూడ ఈ గాలి కొంత సోకినది. ఒక మహానగరము, దాని పటము నిండ వందల గుర్తులు. ఏ గుర్తు దగ్గరకు పోయినను చేయవలసిన పని ఇంచుమించు ఒక్కటే. వంద గంటలు ఆడవచ్చునని ప్రకటనలలో గొప్పగా చెప్పుకొందురు. నవల అమ్మువాడు దాని కథను చెప్పక, ఇది ఇన్ని వీశెల తూకము అని కేక వేసినట్లున్నది.

ఇట్టి ఆటలకు ముగింపు లేదు గాని మరణము మాత్రము కలదు. యూబీసాఫ్ట్ సంస్థవారు 2014లో వెలువరించిన ‘ది క్రూ’ అను కార్ల పందెపు ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపివేసిరి. డబ్బు పెట్టి కొన్నవారికి కూడ ఆ దినముతో ఆట లేదు. సోనీ సంస్థవారి ‘కాంకర్డ్’ మరియు విడ్డూరము. ఏండ్ల తరబడి సాగవలసిన ఆట అని 2024 ఆగస్టు 23న విడుదల చేసి, ఆడువారు రానందున సెప్టెంబరు 6న మూసివేసి, డబ్బు తిరిగి ఇచ్చిరి. సరిగా రెండు వారములు. మంగళము లేని కథ నడిమిలో దీపమారిపోవుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక రెండవ వైపు చూతము. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండ ఒక్కరో, ఇద్దరో, పదిమందో కలిసి తమ మనసు మేరకు చేయు ఆటలను ఇండీ గేములు అందురు. ఇండిపెండెంట్ అను మాటకు అది ముద్దుపేరు. పెద్ద ప్రచురణకర్తల నడుమ స్వంత ఖర్చుతో ఖండకావ్యము అచ్చువేయించుకొను కవివంటివారు వీరు. వెనుక ఆటను పెట్టెలో పెట్టి దుకాణమునకు చేర్చుటకే పెట్టుబడి కావలసియుండెను. 2003లో స్టీము, 2008లో ఆపిలువారి ఆప్ స్టోరు వంటి అంగళ్ళు వచ్చిన పిదప, ఇంటిలో కూర్చుండి చేసిన ఆటను ఇంటినుండియే లోకమునకు అమ్ముట సాధ్యమైనది. 2008లోనే జోనథన్ బ్లో అను అమెరికనుడు కాలమును వెనుకకు త్రిప్పు ‘బ్రెయిడ్’ అను ఆటతో, చిన్న ఆటకు కూడ రచయిత ఉండునని విమర్శకులకు తెలియజెప్పినాడు.

రచయిత అను మాటను నేను ఊరక వాడలేదు. మూడువందలమంది జీతగాండ్రు చేసిన ఆటలో ఎక్కడ ఆపవలెనో నిర్ణయించునది లెక్కల శాఖ. ఒక్కడు చేసిన ఆటలో నిర్ణయించువాడు ఆ ఒక్కడే. ఇందులో వాని సుగుణము కొంత, వాని అశక్తత కొంత. ఇద్దరు మనుష్యులు వంద గంటల కథను కల్పింపజాలరు. కావున చెప్పదలచినది చెప్పి ఊరకుందురు. పద్యములో నాలుగు పాదములకు మించి చోటు లేనివాడు ఎట్లు మాటలు ఏరుకొనునో వీరును అట్లే ఏరుకొందురు.

ఆడం రాబిన్సన్-యూ అను కెనడా యువకుడు ఒక పెద్ద ఆటను చేయుచు, దానిని మధ్యలో ప్రక్కకు పెట్టి చిన్నదొకటి చేసినాడు. పేరు ‘ఎ షార్ట్ హైక్’, 2019లో వచ్చినది. క్లేర్ అను పక్షిపిల్ల పిన్నమ్మతో ఒక కొండ అడవికి వచ్చినది. దానికి ముఖ్యమైన ఫోను ఒకటి రావలసియున్నది. శిఖరము మీదగాని ఫోనుకు సిగ్నలు అందదు. కొండ ఎక్కవలెను, అంతే కథ. దారిలో చేపలు పట్టువారు, పరుగు పందెము కట్టువారు, పోయిన వస్తువులు వెదకుకొనువారు కనబడుదురు. వారికి సాయపడినను పడవచ్చును, పలుకరించి పోయినను పోవచ్చును. ఎవ్వరును హాజరు వేయరు. రెండు గంటలలో శిఖరము చేరుదుము. అక్కడ ఫోను మ్రోగును. ఎవరు మాటాడిరో నేను చెప్పను. మరల దిగివచ్చి ఇంటికి పోవుటతో ఆట సరి. 2020లో స్వతంత్ర క్రీడల ఉత్సవమున దీనికే ప్రథమ బహుమతి వచ్చినది. పెద్ద పనితో అలసినవాడు చేసిన చిన్న పని గనుకనే కాబోలు, ఆడువాని అలసట వానికి తెలిసినట్లుండును.

మనకు ఇంకను దగ్గరి ఆట మరియొకటి ఉన్నది. టొరంటో నగరములోని విశై గేమ్స్ అను చిన్న బృందము 2023లో వెలువరించిన ‘వెణ్బా’. వెణ్బా అనునది తమిళ ఛందస్సులో ఒక పద్యరీతి. తిరుక్కురళ్ ఆ జాతి పద్యములలోనే ఉన్నది. ఈ ఆటలో అది ఒక ఇల్లాలి పేరు. 1980ల చివర భర్తతో కెనడాకు వలసపోయిన తమిళ స్త్రీ ఆమె. తల్లి ఇచ్చిన వంటల పుస్తకము ఒకటి ఆమె వద్ద ఉన్నది గాని, పుటలు చినిగి, అక్షరములు చెరిగి ఉన్నవి. ఆ చెరిగిన మాటలను ఊహించి వంట పూర్తి చేయుట ఆడువాని పని. మొదటి వంట ఇడ్లీ. పళ్ళెములను ఒకదానిపైనొకటి ఏ తీరున అమర్చినచో ఆవిరి పైదాకా అందునో ఆలోచింపవలెను. అమెరికావాడు దీనిని చిక్కు సమస్యగా చూచి తల గోకుకొనును. మన ఇంటిలోని పదేండ్ల పిల్ల నవ్వి, చటుక్కున పళ్ళెము త్రిప్పి పెట్టును. వీడియో గేములో మన వంటింటి తెలివికి విలువ వచ్చుట నేనెరిగినంతలో అరుదు.

కాని ఆటలోని బరువు వంటలో లేదు. వెణ్బాకు కొడుకు పుట్టును. పేరు కవిన్. బడికి పోవునప్పటికి వాడు కెవిన్ అగును. తల్లి తమిళములో పలుకరించిన ఇంగ్లీషులో బదులు చెప్పును; ఇంటి వంట డబ్బాలో పెట్టి పంపిన సిగ్గుపడును. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్న మన తెలుగు కుటుంబములలో ఈ కథ నడువని ఇల్లు ఎన్ని ఉండునో లెక్క పెట్టుట కష్టము. అక్కడనే యేల, ఇక్కడ ఇంగ్లీషు బడికి పోవు మనుమనికి, పల్లెలోనున్న నాయనమ్మకు నడుమ జరుగుచున్నది ఇదియే. ఆ కొడుకు పెరిగి, ఒకనాడు తల్లి వ్రాతలోని వంటను, సగము మరచిన తమిళముతో కూడబలుకుకొనుచు, తానే చేయబూనును. ఆ ఘట్టమున ఆడువాని చేతిలో ఉన్నది గరిటె మాత్రమే; కాని ఒక భాష ఒక తరములో ఎట్లు జారిపోవునో వేళ్ళకు తెలియును. చదివినచో ఇది కంటికి తెలియును, సినిమాలో చూచినచో చెవికిని తెలియును. వేళ్ళకు తెలియుట ఆటలో మాత్రమే సాధ్యము. ఇంతయు గంట, గంటన్నర లోపల జరిగి ముగియును. 2024లో బ్రిటిషు చలనచిత్ర, టెలివిజను అకాడమీవారు తొలి ఆటకిచ్చు బహుమతిని దీనికి ఇచ్చిరి. దీనిని ఆడినవాడెవ్వడును మరునాడు హాజరు వేయించుకొనుటకు దానిని తెరువడు. కాని ఇంటికి ఫోను చేసి, ఆ పులుసు ఎట్లు పెట్టుదువని అమ్మను అడుగవచ్చును.

లూకస్ పోప్ 2018లో చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా దిన్’ మరియొక తీరుది. 1802లో లండను నుండి బయలుదేరి మాయమైన ఓడ 1807లో ఒక్క మనిషియు లేక ఇంగ్లండు తీరమునకు కొట్టుకొనివచ్చును. అందు ప్రయాణించిన అరువదిమందికి ఏమైనదో తేల్చుటకు కంపెనీవారు పంపిన తనిఖీదారు మనము. కంపెనీ అనగా 1611లో మన మచిలీపట్నమున కొట్టు పెట్టిన ఈస్టిండియా కంపెనీయే. ఆ ఓడవారిలో భారతీయ నావికులును ఉన్నారు. ఎవరు ఎవరో, ఎట్లు మరణించిరో మాటల యాసను, దుస్తులను, పడక చోటులను పట్టి మనమే పోల్చుకొనవలెను. ముగ్గురి సంగతి సరిగా వ్రాసినగాని పుస్తకము సరియని ఒప్పుకొనదు. కావున గుడ్డిగా ఊహించి మార్కులు కొట్టుట కుదరదు. ప్రశ్నపత్రములు తయారు చేయువారు ఈ ఏర్పాటును ఒకమారు చూడదగును. ఇది ఒక్కసారి మాత్రమే ఆడదగిన ఆట. అరువదిమంది కథయు తెలిసిన పిమ్మట అందులో చేయుటకు ఏమియు మిగులదు. వ్యాపారి దీనిని లోపమనును. నేను మర్యాద అందును.

ఇంతవరకు చదివి, ఇండీ గేములు ఔషధములు, పెద్ద ఆటలు విషములు అని ఎవరైనను అనుకొనినచో నా మాట తప్పుగా అందినట్లే. చిన్న ఆటలలోను మానలేనివి ఉన్నవి. లోకల్‌థంక్ అను మారుపేరు గల ఒక కెనడావాసి ఒంటరిగా చేసి 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘బలాట్రో’ పేకముక్కల ఆట. అందు డబ్బు ఒడ్డుట లేదు. తన ఆటను జూదపు కంపెనీలకు ఎన్నటికిని అమ్మరాదని ఆ రచయిత తన వీలునామాలోనే వ్రాసినాడట. అయినను ఒక పందెము ఓడినవెంటనే వేలు తనంతట తాను మరియొక పందెమునకు పోవును. ఇక హనోయి నగరవాసి డాంగ్ న్యూయెన్ 2013లో ఒంటరిగా చేసిన ‘ఫ్లాపీ బర్డ్’ సంగతి లోకమెరిగినదే. గొట్టముల నడుమ ఒక పిట్టను ఎగురవేయుట తప్ప అందు మరేమియు లేదు. దినమునకు యాబదివేల డాలర్ల రాబడి అని పత్రికలు వ్రాయుచుండగా, కొద్ది నిమిషములు సేదదీరుటకు చేసిన ఆట జనులకు వ్యసనమైనదని బాధపడి, 2014 ఫిబ్రవరిలో ఆయనయే దానిని అంగడినుండి తీసివేసినాడు. మంగళము లేని ఆటకు రచయిత స్వయముగా వచ్చి మంగళము పాడిన సందర్భము ఇది. కంపెనీ అయియుండినచో ఆ పని చేసియుండదని నేను గట్టిగా చెప్పగలను.

అన్నిటికంటె నాకు ఆలోచన కలిగించినది ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు నాటకశాలలో ప్రేక్షకులకు చోటు చూపు చిన్న ఉద్యోగము చేయుచు, నాలుగున్నర ఏండ్లు ఒంటరిగా బొమ్మలు గీసి, సంగీతము కూర్చి, ప్రోగ్రాము వ్రాసి 2016 ఫిబ్రవరిలో దీనిని వెలువరించినాడు. 2024 చివరకు నాలుగు కోట్లకు మించి ప్రతులు అమ్ముడుపోయినవి. కథానాయకుడు జోజా అను పెద్ద కంపెనీ కచేరిలో గుమాస్తా. ఆ చాకిరితో విసిగినవేళ తాతగారు వ్రాసియిచ్చిన ఉత్తరము విప్పి, ఆయన విడిచిన పొలమునకు వచ్చును. విత్తవచ్చును, చేపలు పట్టవచ్చును, ఊరివారితో చెలిమి చేయవచ్చును. అందు ఒక దినము మన గడియారములో సుమారు పదునాలుగు నిమిషములు. ఇరువది యెనిమిది దినములకు ఒక ఋతువు.

మరి ఆడువారు ఏమి చేయుచున్నారు? మొదటి ఋతువులో పూలు చూతురు, వాన వినుదురు. రెండవ ఋతువునకు ఏ పంటకు దినమునకు ఎన్ని నాణెములు గిట్టునో పట్టికలు వేయుదురు. మూడవదానికి పొలమంతయు నీటి యంత్రములు, కొట్టమంతయు సారాయి పీపాలు. ఊరివారి పుట్టినదినములు కూడ బహుమతి యిచ్చి మార్కులు సంపాదించు తేదీలుగా మారును. పదునాలుగు నిమిషముల దినములో ఒక్క నిమిషము వృథాపోయినను మనసు చివుక్కుమనును. కంపెనీ చాకిరి నుండి పారిపోయివచ్చినవాడు ఏడాది తిరుగకముందే తాత పొలమున కంపెనీ పెట్టినాడు! ఈ హాజరుపట్టీ బరోన్ పెట్టినది కాదు. ఆటలో పనిని తొందరపెట్టువాడు ఎవ్వడును లేడు. చిన్ననాటినుండి మార్కులతో, ర్యాంకులతో కొలువబడిన మనసు, కొలువనక్కరలేని చోటికి కూడ కొలబద్దను చంకన పెట్టుకొని పోవును. ఇందులో మన పాఠశాలల పాలు ఎంతయో ఉపాధ్యాయ మిత్రులు ఆలోచింతురుగాక.

కావున విసుగులో సగము ఆట తెచ్చునది, సగము మనము తీసికొనిపోవునది. రెండవ సగమునకు మరియొక రూపము, కొని కుప్ప వేయుట. స్టీము అంగడిలో 2024 ఒక్క ఏట పదునెనిమిదివేలకు పైగా ఆటలు విడుదలైనవి. దినమునకు యాబది పైచిలుకు. పండుగ తగ్గింపులలో కొన్న ఆటలు పెట్టెలో పేరుకొనును. ఏది ఆడుదునా అని పేర్లు చూచుటలోనే గంట గడచిపోవును. ఇది పుస్తకములవారికి కొత్త జబ్బు కాదు. పుస్తక ప్రదర్శనలో సంచి నిండ కొని, బీరువాలో వరుసగా నిలబెట్టి, వాని వెన్నులు చూచినపుడెల్ల అప్పు ఉన్నవానివలె చూపు త్రిప్పుకొనువారు మనలో లేరా? కొన్నదంతయు ఆడి తీరవలెనను భావము కూడ చాకిరియే. నచ్చని ఆటను నడిమిలో విడుచుట పాపము కాదు. ఆ స్టీమువారే, కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు తక్కువగా ఆడిన ఆటకు డబ్బు తిరిగి ఇచ్చు పద్ధతి పెట్టినారు. అంగడివాడే రెండు గంటలలో మంచిచెడ్డలు తెలియునని ఒప్పుకొనినపుడు మనము ఇరువది గంటలు పళ్ళు కొరుకుకొని సహించుట ఎందుకు?

నా ఎరుకలో విసుగు లేకుండ ఆడువారు ఒకసారికి ఒక్క ఆటనే పెట్టుకొందురు. అది ముగిసిన రాత్రి రెండవది తెరువరు. భోజనమైన పిదప కొంతసేపు అరుగుమీద కూర్చుండినట్లు, ఒకటి రెండు దినములు దానిని మనసులో నాననిత్తురు. నూటికి నూరు పాళ్ళు పూర్తి చేసినందుకు ఇచ్చు బిళ్ళల జోలికి పోరు. మొగము మొత్తినపుడు మరియొక ఆట కొరకు వెదకరు. సంధ్యవేళ బంతి పట్టుకొని మైదానమునకు పోవుదురు, లేక ఏమియు చేయక ఊరకుందురు. ఊరకుండుట నేటి పిల్లలకు రాని విద్య. 2021లో జాష్ వార్డిల్ లోకమునకిచ్చిన ‘వర్డిల్’ అను మాటల ఆట ఈ మితమును తన నిర్మాణములోనే పెట్టుకొనినది: దినమునకు ఒక్క మాట, ఆరు ప్రయత్నములు, తక్కినది రేపు. ఇంకొకటి ఇమ్మని ఎంత అడిగినను మొదట ఇచ్చెడిది కాదు. హాజరు వేయు ఆటయు రేపు రమ్మనును, ఇదియు రేపు రమ్మనును. కాని ఇది మూడు నిమిషములలో మనలను ఇంటికి పంపివేయును, అది రాత్రి పండ్రెండు గంటలకును పంపదు.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లవానిని “ఎంతసేపు ఆడినావు?” అని అడుగుట మనకు అలవాటు. వాడు తగ్గించి చెప్పుటయు వానికి అలవాటు. దానికి బదులు “నీవు ఆడు ఆట ఎక్కడ ముగియును?” అని అడిగి చూడుడు. వాడు ముందు తెల్లబోవును, తరువాత ఆలోచించును. భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినపుడు ఏడ్చిన పిల్లలు, కొన్ని నెలలకు అట్టిదే మరియొక పేరుతో రాగా మరల అందులోనే పడిరి; నిషేధము తలుపు మూయగలదు గాని వానికి ఆ తేడా చెప్పజాలదు. వెణ్బా వంటి ఆట ఒకటి రెండు పీరియడ్లలో ముగియును. బడిలో కంప్యూటరును, గోడకు బొమ్మ పడు యంత్రమును ఉన్నచో తరగతి అంతయు కలిసి, ఒకరు ఆడుచుండ తక్కినవారు సలహా చెప్పుచు, పూర్తి చేయవచ్చును. ఇడ్లీ పళ్ళెము దగ్గర వెనుక బెంచీవారి గొంతు లేచును. కవిన్ పెరిగిన ఘట్టము వచ్చునప్పటికి తరగతి ఎట్లుండునో మీరే చూతురు.

తరువాతి కంపోజిషను పీరియడులో ‘నేను ఆడు ఆటకు మంగళము’ అను శీర్షిక ఇచ్చి, తాము నిత్యము ఆడు ఆట ఏ ఘట్టమున, ఏ తీరున ముగియవలెనో ఒక పుటకు మించకుండ వ్రాయింపుడు. రమ్యముగా వ్రాయువారు కొందరుందురు. హాజరుపట్టీ ఆటలవారు కలము నోట పెట్టుకొని కిటికీలోనుండి చూచుచు కూర్చుందురని నా ఊహ. వారి కాగితములనే నేను ముందుగా చదువగోరుదును.